జామీను పత్రము - తొంబది దినాల నోటీసు

ఒక ప్రభుత్వ భవనం పూర్తయినపుడు శిలాఫలకం మీద కనిపించే పేర్లు కొన్నే. కంకర తోలినవారు, ఇనుము అందించినవారు, రంగులు వేసినవారు అందులో ఉండరు. వారికి రావలసిన సొమ్ముకు రక్షణ ఏది? అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని మిల్లర్ చట్టం ఈ ప్రశ్నకు చెప్పిన సమాధానాన్ని పరిశీలిద్దాము.

ప్రైవేటు కట్టడమైతే, బాకీ రాని పనివాడు ఆ కట్టడం మీదనే తన హక్కును నిలుపుకొనుటకు అక్కడి రాష్ట్రాల చట్టాలు వీలు కల్పిస్తాయి. ప్రభుత్వ ఆస్తి మీద అట్టి హక్కు చెల్లదు. సైనిక శిబిరాన్ని వేలం వేయించడం ఎవరి తరం? అందుచేత 1894 నాటి హర్డ్ చట్టం గుత్తేదారు నుండి జామీను పత్రం కోరింది. ఆ ఒక్క పత్రమే ప్రభుత్వానికీ, పనివారికీ ఉమ్మడి ఆధారం కావడంతో చిక్కులు ఏర్పడినవి. 1935లో మిల్లర్ చట్టం దానిని రెండుగా విడదీసింది. పని పూర్తి చేస్తామనే జామీను ప్రభుత్వానికి. సొమ్ము చెల్లిస్తామనే జామీను పనివారికి, సరుకిచ్చినవారికి.

ఈ రెండవ జామీను మీద అందరి హక్కూ ఒకే తీరుగా లేదు. ప్రధాన గుత్తేదారుతో నేరుగా ఒప్పందం గలవారు నోటీసు ఇవ్వనక్కరలేదు. ఉపగుత్తేదారుతో మాత్రమే ఒప్పందం గలవారు, తాము చివరిసారి పని చేసిన లేక సరుకు అందించిన దినం నుండి 90 దినాలలోపుగా ప్రధాన గుత్తేదారుకు వ్రాతపూర్వకంగా తెలియజేయాలి. ఎంత రావాలో, ఎవరికి పని చేశారో అందులో తగినంత కచ్చితంగా ఉండాలి. అంతకంటె క్రింది మెట్టువారికి ఈ జామీను అందదని అక్కడి సుప్రీంకోర్టు 1978లో బేట్సన్ కేసులో స్పష్టం చేసింది.

నోటీసు దేనికి? ప్రధాన గుత్తేదారు తన ఉపగుత్తేదారును ఎరుగును గాని, అతడు ఎవరి వద్ద సరుకు అరువు తెచ్చాడో ఎరుగడు. లెక్క తీర్చివేసిన పిదప మరొకరు వచ్చి అడిగితే, ఒకే పనికి రెండుమార్లు చెల్లించవలసివస్తుంది. నోటీసు సకాలంలో అందితే ఉపగుత్తేదారు సొమ్మును నిలిపి ఉంచవచ్చు. కనుక ఈ నియమం ఇరువురికీ రక్షణయే.

ఒక ఉదాహరణ చూద్దాము. ఒక వర్తకుడు ఉపగుత్తేదారుకు చివరి బండి ఇటుకలు మార్చి 1న అందించాడు. అతని నోటీసు మే 30 నాటికి చేరాలి. బాకీ తీరకపోతే ఆ 90 దినాలు గడచిన పిదప, మార్చి 1 నుండి ఒక సంవత్సరంలోగా దావా వేయాలి. తరువాత పగిలిన ఇటుకలను మార్చి ఇచ్చినందువల్ల గడువు పెరగదని అనేక న్యాయస్థానాలు తీర్పు చెప్పినవి. ఉపగుత్తేదారు "రేపు ఇస్తాను, మాపు ఇస్తాను" అన్న మాటలను నమ్మి కూర్చుంటే హక్కు చేజారుతుంది.

నోటీసు పంపే పద్ధతి విషయంలో చట్టం క్రమంగా సడలినది. మొదట రిజిస్టరు తపాలా ప్రధానం. సాధారణ ఉత్తరమైనా నిజంగా చేరినట్లు తేలితే చాలునని 1940లో ఫ్లైషర్ కేసులో సుప్రీంకోర్టు నిర్ణయించింది. 1999 సవరణతో, అందినట్లు మూడవ వ్యక్తి ద్వారా వ్రాతమూలక రుజువు లభించే ఏ మార్గమైనా చెల్లుతున్నది.

రాష్ట్ర ప్రభుత్వాల పనులకు అక్కడ వేరు చట్టాలు, వేరు గడువులు ఉన్నవి. మన విద్యార్థులలో ఇంజనీరింగు చదివి ఆ దేశం వెళ్ళి కట్టడాల రంగంలో ప్రవేశించేవారు ఈ సంగతి గుర్తుంచుకొందురు గాక. చెమటోడ్చి సంపాదించిన హక్కును నిలుపుకొనుటకు ఒక కాగితం, ఒక తేదీ, ఒక రసీదు కావాలి.