తలంటు రోజు

మా అమ్మ ఆదివారం పొద్దున్నే కుంకుడుకాయలు కొట్టేది. గింజలు తీసేసి, వేడినీళ్లలో నానేసి, చేత్తో పిసికితే గిన్నె నిండా నురుగు. ముందు గోరువెచ్చటి నువ్వుల నూనె మాడుకి పట్టించి మర్దన, తర్వాత సున్నిపిండితో నలుగు, ఆనక కుంకుడు రసం కళ్లలో పడి మా ఏడుపు. ముగ్గురు పిల్లలకీ తలంటి, సాంబ్రాణి పొగ వేసి, నాన్నకి నీళ్లు తోడి, వంట ముగించేసరికి గిన్నెలో మిగిలిన రసం చల్లారిపోయేది. ఆ చల్లటి రసంతోనే తను గబగబా తల రుద్దుకుని వచ్చేది. అమ్మకి నూనె ఎవరు రాశారో నాకు గుర్తు లేదు. ఎవరూ రాయలేదనే అనుకుంటాను.

నేనూ అమ్మ దారిలోనే నడుస్తున్నానని నలభై దాటాక, రక్తపరీక్ష చేయించుకున్నాకగానీ తెలియలేదు. ఆఫీసుకి వెళ్తూ బస్సులో కళ్లు తిరిగి కూలబడ్డాను. హిమోగ్లోబిన్ 8.2 అని తేలింది. "పొద్దున ఏం తిన్నారమ్మా?" అని డాక్టరమ్మ అడిగితే నోరు పెగల్లేదు. ఇంట్లో ఎవరెన్ని ఇడ్లీలు తిన్నారో లెక్క చెప్పగలను. నా పళ్లెం సంగతి మాత్రం గుర్తు రాలేదు. గుర్తు రావడానికి అసలు తింటేగా!

ఇది నా ఒక్కదాని కథ కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల వయసు ఆడవాళ్లలో రక్తహీనత ఉన్నవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. 2024లో కేంద్రం చేసిన కాల వినియోగ సర్వేలో, ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకి సగటున 289 నిమిషాలు దానికే పెడుతున్నారని తేలింది. చేసే మగవాళ్ల లెక్క 88 నిమిషాలు. దమ్మిడీ ఆదాయం లేదు, క్షణం తీరిక లేదన్న సామెత ఎవరిని చూసి పుట్టిందో గానీ, ఇల్లాలికి అతికినట్టు సరిపోతుంది.

"కాస్త తీరిక దొరకనీ, అప్పుడు చూసుకుంటా" అంటాం. ఇరవై ఏళ్లుగా నేనూ అదే అన్నాను. తీరిక దానంతటది రాదు. అమ్మ తలంటు మళ్లీ గుర్తొచ్చింది ఇక్కడే. ఆదివారం తలంటుకి టైముందా లేదా అని మా ఇంట్లో ఎవరూ అడిగేవాళ్లు కాదు. ఆ రోజు దానిదే. ఆ పద్ధతి ఎంతో మంచిది. వరసలో అమ్మ ఆఖరున ఉండటమే తప్పు.

తెల్లవారుజామున నాలుగింటికే లేచి ధ్యానం చేయమని చెప్పేవాళ్లున్నారు. రాత్రి పదకొండింటికి నడుం వాల్చే మనిషికి ఆ సలహా హాని చేస్తుంది. ఒంటికి కనీసం ఏడు గంటల నిద్ర కావాలి, దాన్ని కోసి ఇంకోదానికి అతకకూడదు. కోయాల్సింది పనిలోంచి. అందుకే పొద్దుటి క్యారేజీలు మా ఆయనకి అప్పగించాను. మొదటి వారం రెండుసార్లు కూర మాడింది. ఆ వాసనకి లేచి వెళ్లకుండా కూర్చోవడం ఉంది చూశారూ, నాకు అన్నిటికంటే కష్టమైంది అదే. గరిటె అందుకుంటే మళ్లీ మొదటికొస్తుందని చెయ్యి బిగబట్టుకున్నాను. మూడో వారానికి ఆయన చేతికి పోపు పట్టుబడింది.

అలా మిగిలిన అరగంటలో కూర్చుని టిఫిన్ తింటాను. సాయంత్రం వారానికి ఐదు రోజులు అరగంట నడక, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే 150 నిమిషాలు దాంతో సరిపోతాయి. ఐరన్ మాత్ర వేసుకునే వేళకి దగ్గర్లో టీ తాగితే అది ఒంటికి సరిగా పట్టదని డాక్టరమ్మ చెప్పింది కాబట్టి టీ వేళ మార్చుకున్నాను. నాలుగు నెలలకి హిమోగ్లోబిన్ 11.4కి వచ్చింది.

పోయిన ఆదివారం అందరికంటే ముందు అమ్మని కూర్చోబెట్టి మాడుకి నూనె పెట్టాను. "పిల్లలకి కానీయవే ముందు" అంది. కానీయలేదు.

ఈ పూట మీ ఇంట్లో ఆఖరున తినేది ఎవరో ఒకసారి చూడండి. అది మీరే అయితే, రేపు పొద్దున మొదటి వాయి ఇడ్లీ మీ పళ్లెంలోనే పెట్టుకోండి.