విక్రాంత్ – ఎదురుగాలి

గాలిపటం ఎగరేయడానికి గాలికి ఎదురుగా పరుగెత్తుతాం కదా! విమానవాహక నౌక చేసే పనీ అదే. 1961లో మన నౌకాదళంలో చేరిన విక్రాంత్ పొడవు సుమారు 213 మీటర్లు. విమానం పైకి లేవడానికి ఆ పొడవు చాలదు. నౌక గంటకు 30 కిలోమీటర్ల వేగంతో, 20 కిలోమీటర్ల వేగంతో వీచే గాలికి ఎదురుగా సాగితే, రెక్కలకు 50 కిలోమీటర్ల గాలి తగులుతుంది. ఆపైన ఆవిరి కేటపల్టు విమానాన్ని ముందుకు విసురుతుంది.

1971 యుద్ధానికి ముందు నాలుగు బాయిలర్లలో ఒకటి పగులువారింది. ఆవిరి తగ్గితే నౌక వేగమూ, దానితో ఎదురుగాలీ తగ్గుతాయి. అయినా మిగిలిన మూడింటితోనే విక్రాంత్ బంగాళాఖాతంలో నిలిచింది. దాన్ని వెదుకుతూ వచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ డిసెంబరు 3–4 రాత్రి విశాఖపట్నం దగ్గర మునిగిపోయింది. 4న విక్రాంత్ విమానాలు కాక్స్ బజార్‌పై దాడి చేశాయి. 1997లో విక్రాంత్ సేవ ముగిసింది.