మందారపై మసి: తప్పు బూజుది కాదు

మందార ఆకులు మసి పూసినట్టు నల్లబడితే తెగులు మందు కోసం పరుగెత్తే ముందు పై కొమ్మను చూడాలి. పిండినల్లి, పేనుబంక, తెల్లదోమ, పొలుసు పురుగులు లేత కొమ్మల రసం పీల్చి తీపి జిగురు విసర్జిస్తాయి. అది కింది ఆకులపై పడితే గాలిలో తిరిగే శిలీంధ్ర బీజాలు దానిమీద మొలుస్తాయి. అదే మసి తెగులు. ఈ బూజు ఆకులోకి చొరబడదు, జిగురు తిని బతుకుతుంది. కాకపోతే ఎండ తగలనివ్వక ఆకును నీరసపరుస్తుంది. వానల నడుమ కొన్నాళ్లు పొడిగా ఉంటే పిండినల్లి విజృంభిస్తుంది కనుక అప్పుడు జాగ్రత్త అవసరం.

తడి గుడ్డతో తుడిస్తే మసి ఊడివచ్చి పచ్చని ఆకు బయటపడుతుంది. గులాబీలో నల్లమచ్చ తెగులు అలా ఊడదు. మచ్చ అంచులు పీచుపీచుగా ఉంటాయి, చుట్టూ ఆకు పసుపుబారి రాలుతుంది. దాన్ని ప్రధానంగా వ్యాపింపజేసేది వాన తుంపర, పురుగు కాదు. రాలిన ఆకులు ఏరేసి, నీళ్లు మొదట్లోనే పోయాలి.

మందార మొగ్గల తొడిమల దగ్గర, కణుపుల సందుల్లో దూదిలా అంటుకున్నవి పిండినల్లులు. కొమ్మ వెంట చీమలు బారులు తీరితే పైన జిగురు ఉన్నట్టే. అక్కడే తెల్లని మైనపు పోగులతో, పిండినల్లి కన్నా పెద్దగా, చకచకా నడిచేది కనిపిస్తే అది పిండినల్లిని తినే ఒక రకం అక్షింతల పురుగు పిల్ల. దాన్నీ శత్రువనుకుని మందు కొట్టి చంపేవారే ఎక్కువ.

దుకాణంలో ఆకు చూపగానే ఒక తెగులు మందు, ఒక పురుగుమందు, పైగా ఒక టానిక్ అంటగడతారు. పురుగు పైన ఉండగా మాంకోజెబ్ వంటి తెగులు మందు ఎంత కొట్టినా డబ్బు దండగే. సింథటిక్ పైరిత్రాయిడ్ పురుగుమందులు కొడితే మిత్రపురుగులు చస్తాయి, మైనపు పూత చాటున పిండినల్లి మిగులుతుంది. ఏటా చెబుతున్నా ఏటా ఇదే తంతు!

బాగా పట్టిన కొమ్మలు కత్తిరించి సంచిలో వేసి తీసేయాలి. మొక్కల మీదుగా ఈడ్చకూడదు. ఆకుల అడుగున నీటి ధార గట్టిగా కొట్టి, సాయంత్రం లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బు కలిపి చల్లాలి. వారానికి మరోసారి. చీమలను మొక్క ఎక్కనివ్వకూడదు. మిగిలిన మసిపై పలచని గంజి చల్లితే ఎండి పొరలుగా రాలుతుంది.

కొబ్బరి, జామ ఆకుల అడుగున తెల్లని మైనపు చుట్లుంటే సర్పిలాకార తెల్లదోమ. అక్కడా మసికి మూలం జిగురే. మసి పట్టిన కరివేపాకుకు కత్తిరింపు చాలు, వంటలోకి వెళ్లే ఆకుపై పురుగుమందు వద్దు.