చెరువు పనికి పెట్టిన పేర్లు: విష్టి, కుడిమరామత్తు, శ్రమదానము

నేటి గుజరాతునందలి జునాగఢ్ చెంత ఒకే బండపై మూడు కాలముల శాసనములు కలవు. మొదటివి అశోకునివి, రెండవది క్రీ.శ. 150 ప్రాంతమున శకక్షత్రపుడైన రుద్రదాముడు వేయించినది. మూడవది స్కందగుప్తుని కాలమునాటిది. వీనిలో రెండవది ఒక చెరువు కథ. మౌర్య చంద్రగుప్తుని పాలనలో నిర్మింపబడిన సుదర్శన తటాకపు కట్ట పెనువానకు తెగెను. నష్టము మిక్కుటమగుటచే మంత్రులు పునరుద్ధరణకు సమ్మతింపలేదు. ప్రజలు ఆశ వదలుకొనిరి. అప్పుడు సువిశాఖుడను అమాత్యుడు పూనుకొని మునుపటికంటె దృఢముగా కట్ట కట్టించెను. ఇంతవరకు ఏ రాజప్రశస్తియందైనను ఉండదగిన విషయమే. కాని ఈ శాసనము మరియొక మాట చేర్చినది. పన్ను వేసి గాని, విష్టి పట్టి గాని, ప్రణయమను పేరిట కానుకలు గుంజి గాని ప్రజలను పీడింపక, రాజు తన బొక్కసము నుండియే ఈ వ్యయమును భరించెనట.

రాజు ఈ మాటను గొప్పగా చెప్పుకొనుటలోనే దాని విలువ ఉన్నది. చెరువు పనికి విష్టి పట్టుట ఆ కాలమున సామాన్యమే కానిచో, పట్టలేదని రాతిపై చెక్కింపవలసిన పని లేదు. విష్టియే తెలుగున వెట్టి యని సాధారణముగా చెప్పుదురు. కన్నడమున బిట్టి, తమిళమున వెట్టి. ఊరి నీటిని కాపాడు సామూహిక శ్రమను గూర్చిన చర్చలో ఈ పదము మొదట నిలువదగినది. ఏలయన, పదిమంది కలిసి చెరువులో దిగి మట్టి తీయుచున్నప్పుడు, ఆ శ్రమ ఇచ్చినదా, పుచ్చుకొన్నదా యనుట దూరము నుండి చూచువానికి తెలియదు. తట్ట ఒకటే, పార ఒకటే. భేదమంతయు పేరులో ఉన్నది. పేరు ఒక్కొక్కప్పుడు అబద్ధము కూడ చెప్పును.

తెలుగునాట తటాకము సప్తసంతానములలో ఒకటి. త్రవ్వించినవాని పేరు కొడుకు నిలిపినట్లే చెరువు నిలుపునని నమ్మిక. కావుననే త్రవ్వించినవారి పేర్లు శాసనములలో మనకు దక్కినవి. కడప మండలమునందలి పోరుమామిళ్ల చెరువు శాసనము దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణము. శ.శ. 1291, అనగా క్రీ.శ. 1369లో విజయనగర ప్రభువైన బుక్కరాయల కుమారుడు భాస్కరుడు, నామాంతరమున భవదూరుడు, ఈ తటాకమును కట్టించెను. దినమునకు వేయిమంది కూలీలు, రాతిపనికి నూరు బండ్లు, రెండేండ్ల కాలము పట్టినట్లు అందు చెప్పబడినది. ఇంతటి స్పష్టమైన లెక్క శాసనములలో అరుదు. ఆ వేయిమందిలో ఒక్కని పేరును లేదు. అంతకంటె గమనింపదగినది, చెరువు నిండిన పిమ్మట ఏటేట పూడిక తీయువాడెవడను ప్రశ్నకు ఆ ప్రశస్తిలో తావు లేకపోవుట.

అయినను ఆ శాసనకర్త నీటి స్వభావము నెరిగినవాడు. మంచి చెరువునకు పండ్రెండు సాధనములను, చెడు చెరువునకు ఆరు దోషములను అతడు లెక్కించినాడు. కట్ట నుండి నీరు ఊరుట, చవుటినేల, చెరువు నడుమ తాబేటి వీపువలె మెరక లేచియుండుట, నీరు తక్కువయై సాగునేల ఎక్కువగుట, నేల తక్కువయై నీరు ఎక్కువగుట ఐదు దోషములు. రెండు రాజ్యముల సరిహద్దున ఉండుట మిగిలిన దోషము. ఐదు దోషములు మట్టికి, నీటికి సంబంధించినవి. ఈ ఆరవది మనుష్యులకు సంబంధించినది. నీరు దిగివచ్చు నేల ఒకరి ఏలుబడిలోను, నీరు నిలుచు నేల వేరొకరి ఏలుబడిలోను ఉన్నచో ఆ చెరువు బాగుపడదని దీని తాత్పర్యము. పరీవాహక ప్రాంతమును ఒకే యూనిట్టుగా భావింపవలెనని నేటి ఇంజనీర్లు చెప్పుదానికి ఇది చాల దగ్గరగా ఉన్నది. గొలుసుకట్టు చెరువులున్న సీమలలో దీనిని విడమరచి చెప్పనక్కరలేదు. ఎగువ ఊరి చెరువు అలుగు పారిన నీరే దిగువ ఊరి చెరువునకు రాబడి. ఎగువవాడు వాగులో పెంట పోసినను, చెరువు శిఖమును దున్నుకొన్నను దిగువవాడు ఎంత శ్రద్ధతో తన కట్టను చెక్కినను ఫలము లేదు.

ఇక్కడ మాటల వైవిధ్యము చూడదగినది. మిగులు నీరు పొర్లిపోవు తావును కోస్తాలో అలుగు అనగా, తెలంగాణమున మత్తడి, రాయలసీమలో మరవ, కొన్ని దక్షిణ మండలములలో కలుజు అందురు. నీరు పంచువాడు ఒకచోట నీరటి, ఒకచోట నీరుగంటి. చెరువు మునకనేలకు తెలంగాణమున వాడు ‘శిఖము’ సంస్కృతమువలె కనబడును గాని కాదు; పారసీకమున ‘శికం’ అనగా కడుపు. నిజాము రెవిన్యూ కాగితముల నుండి ఊరివారి నోటికి దిగి, తెలుగు వేషము వేసికొన్నది. కట్టకు, తూమునకు, మునకకు, పొర్లుబాటునకు ఇన్ని పేర్లున్న భాషలో ఊరంతయు కలిసి చెరువును బాగుచేసికొను పనికి మాత్రము అన్ని సీమలయందును చెల్లు ఒక్క దేశీయనామము స్థిరపడలేదు. ‘ఊరుమ్మడి పని’ యనుట ఉన్నది. అది వర్ణనమే గాని పేరు కాదు.

దానికి కారణము కొంతవరకు దశబంధమునందు వెదకవచ్చును. చెరువు త్రవ్వినవానికో, తెగిన కట్టను కట్టినవానికో ఆ చెరువు క్రింది భూమిలో ఒక భాగము మాన్యముగా నిచ్చి, నిర్వహణభారమును అతనిపై ఉంచుట దశబంధము. పేరునకు పదియవ వంతు. అన్నిచోట్ల వంతు ఒక్కటియే కాదు. కన్నడ శాసనములలోని ‘కట్టుకొడగె’ ఇట్టిదే. పూడిక మోయు బండ్లకై విడిగా దానములు చేసిన శాసనములు కన్నడసీమలో కలవు. ఈ పద్ధతిలో మరామత్తు దయతో చేసినది కాదు, భయముతో చేసినదియు కాదు. భూమితో ముడిపడిన బాధ్యత. మాన్యము తిన్నవాడు కట్ట చూడవలెను. ఆంధ్రప్రాంతమున 1956 నాటి ఇనాముల రద్దు శాసనముతో మాన్యములు రైతువారీ పట్టాలుగా మారుట ఆరంభమైనది. అట్లు భూమికిని బాధ్యతకును గల ముడి వీడిన తావులందు ఆ స్థానమున వేరు ముడి వేసినవారు అరుదు.

కుడిమరామత్తు అను మాట పుట్టుకయే వింతయైనది. ‘కుడి’ తమిళమున ఊరి కాపు, ప్రజ; ‘మరామత్తు’ అరబ్బీ నుండి పారసీకము మీదుగా వచ్చినది. కచ్చేరీ భాషలో ఈ రెండును అతుకుకొని మద్రాసు రాజధాని యంతట వ్యాపించినవి. తమిళ మెరుగని తెలుగువాని చెవికి ‘కుడి’ కుడిచేతినే తోపింపజేయును. ఊరి ఆచారమునకు ఊరివారికి తెలియని పేరు పెట్టి, దానిని పాటింపలేదని ఊరివారినే నిందించుట దొరతన పద్ధతులలో ఒకటి.

నిందతో ఆగక చట్టము కూడ చేసిరి. 1858లో మద్రాసు రాజధానికై చేసిన నిర్బంధ శ్రమచట్టము రెండు పనులు చేసినది. వరదకు కట్ట తెగు ప్రమాదమున్నప్పుడు ఊరిలోని ‘కష్టము చేయు తరగతుల’కు చెందిన దృఢకాయులైన పురుషులను పనికి రప్పించు అధికారము ప్రభుత్వోద్యోగుల కిచ్చినది. ఆచారము ననుసరించి ఊరివారు ఉమ్మడిగా చేయవలసిన నీటిపనికి రానివాడు, తాను చేయవలసిన శ్రమ విలువకు రెండింతలు చెల్లింపవలెనని రెండవ విధి. ఈ రెంటిని కలిపి చదువకూడదు. రెండవది ఆయకట్టుదారుని ఉద్దేశించినది. పొలమున్నవాడు పని తప్పినచో సొమ్ము కట్టును. మొదటిది పొలము లేనివానిని ఉద్దేశించినది. వరదరాత్రి మోకాటి నీటిలో నిలిచి గండి పూడ్చవలసినవాడు ఆ చెరువు క్రింద సెంటు నేల లేనివాడే. చట్టమున జాతి పేరు లేదు. ఊరిలో అందరికిని తెలియును.

1950లో అమలులోనికి వచ్చిన భారత రాజ్యాంగము 23వ అధికరణమున బేగారును నిషేధించుచు, ప్రజాప్రయోజనమునకై నిర్బంధసేవను విధింపవలసివచ్చినచో మతమును, జాతిని, కులమును, వర్గమును పట్టి భేదము చూపరాదని చెప్పినది. 1858 చట్టమునందలి ‘తరగతులు’ అను మాటకు ఇంతకంటె సూటియైన సమాధానము లేదు.

శ్రమదానము ఆ వెనువెంటనే ప్రచారములోనికి వచ్చిన పదము. 1951 ఏప్రిల్ 18న తెలంగాణమునందలి పోచంపల్లిలో వినోబా భావేకు నూరెకరముల దానము లభించుటతో భూదానోద్యమము మొదలైనది. ఆ వరుసలో సంపత్తిదానము, గ్రామదానము, జీవనదానము అను సమాసములు ఏర్పడినవి. 1952 అక్టోబరు 2న ఆరంభమైన సమాజ వికాస పథకము శ్రమదానమను మాటను ప్రతి బ్లాకు కార్యాలయపు గోడ మీదికి ఎక్కించినది. మరాఠీ, హిందీ, తెలుగు, కన్నడములలో ఒకే రూపమున నిలిచిన ఈ సంస్కృత సమాసము వెట్టి వాసన లేనిది. దాని ఆకర్షణము అదియే. కాని దానమన్నప్పుడు దాతయు, ప్రతిగ్రహీతయు ఉండవలెను. భూదానమున దాత భూస్వామి, గ్రహీత భూమిలేనివాడు. చెరువు శ్రమదానమున తరచుగా ఈ వరుస తారుమారగును. తట్ట మోసినవాడు భూమిలేనివాడు, పెరిగిన నీరు పొలము గలవానిది. ఉద్యమమున పుట్టిన పదము తన జన్మస్థానమునకు ఎదురు దిశలో నడచుట ఇట్లు తటస్థించినది.

ఇది కేవలము తర్కము కాదు. సి.హెచ్. హనుమంతరావు అధ్యక్షతన ఏర్పడిన సంఘము సిఫారసులపై 1995 నుండి అమలైన పరీవాహక ప్రాంతాభివృద్ధి నియమములు, పనుల వ్యయములో కొంత భాగమును లబ్ధిదారులు తమ వంతుగా ఇయ్యవలెననినవి. ఆ వంతును శ్రమరూపమున ఇయ్యవచ్చును. ఉద్దేశము మంచిదే. కాని పలుచోట్ల ఆ వంతు కూలీల దినకూలిలో కోతగా మారినదని పరిశీలకులు పదేపదే వ్రాసిరి. కూలివాని కూలిలో కోసిన పైకము కాగితముపై శ్రమదానమగును. రుద్రదాముని శాసనకర్త దానిని వేరు పేరుతో పిలిచియుండును.

ఆ దినములలోనే ‘వాటర్‌షెడ్డు’ అను మాట పల్లెలకు చేరినది. నిఘంటువులు పరీవాహక ప్రాంతమన్నను, ఊరివారి వాడుకలో వాటర్‌షెడ్డు నేల పేరు కాక పథకము పేరైనది. ‘మా ఊరికి వాటర్‌షెడ్డు వచ్చింది’ అందురు. కొండ నుండి వాగు వరకు గల నేల ఊరు పుట్టకముందే అచ్చటనున్నది. వచ్చినది నిధులు మాత్రమే. నిధులతో వచ్చినది నిధులతోనే పోవునను భావము ఆ వాక్యనిర్మాణములోనే ఇమిడియున్నది.

స్వచ్ఛందశ్రమ నిజముగా నిలిచిన తావులను పరిశీలించినచో నీటివాటా ప్రశ్న మొదట తీరినట్లు కనబడును. హర్యానాలోని సుఖోమాజ్రీలో 1970ల చివర కొండవాలున చిన్న కట్టలు కట్టినప్పుడు, నీటిలో భూమిలేని కుటుంబములతో సహా ఇంటింటికి సమభాగము నిర్ణయించిరి. అటుపిమ్మట కొండపై పశువులను తోలవద్దని ఎవరును కావలి కాయవలసిన పని లేకపోయెను. మహారాష్ట్రమున విలాసరావు సాళుంఖే నడపిన పానీ పంచాయతీ కూడ భూమిని బట్టి కాక కుటుంబమునందలి మనుష్యులను బట్టి నీరు పంచినది. రాజస్థానమునందలి అల్వరు మండలములో 1985 తరువాత తరుణ భారత సంఘము తోడ్పాటుతో ఊళ్లవారు జోహడములను తిరిగి కట్టుకొనగా, ఎండిన అర్వరీ నదిలో నీరు పారినది. అచ్చటి ఊళ్లు 1999లో నదికి ఒక సంసత్తునే ఏర్పరచుకొన్నవి. రెండు రాజ్యముల సరిహద్దు దోషమునకు ఆ ఊళ్లు కనుగొన్న విరుగుడు అది.

పంజాబీ పద్ధతి వేరు. ‘కార్ సేవ’ అను మాటకు పూర్వము నుండి ఉన్న ముఖ్యార్థములలో సరోవరపు పూడిక తీయుట ఒకటి. 1923లో అమృతసరమునందలి సరోవరమును వేలమంది చేతులతో శుభ్రపరచిరి. 1973లో మరల చేసిరి. తెలుగు పత్రికలలో ఈ పదము 1990 తరువాత వేరు సందర్భమున వ్యాపించుటచే దీని మట్టి వాసన మనవారికి అందలేదు. 2000లో బల్బీర్ సింగ్ సీచేవాల్ నాయకత్వమున స్వచ్ఛంద సేవకులు, దాదాపు 160 కిలోమీటర్ల పొడవు గల కాలీ బేయీ నదిలోనికి దిగి గుర్రపుడెక్కను, బురదను తీయుటకు పూనుకొన్నప్పుడు వారికి క్రొత్త పేరు వెదకవలసిన పని లేకపోయెను. గురునానకునితో ముడిపడిన నది కావున సేవ అను మాట అచ్చట చెల్లినది. అయినను ఊళ్ల మురుగును మళ్లింపనిదే తీసిన బురద మరల చేరునని వారు త్వరలోనే తెలిసికొనిరి. చేతులతో తీయదగినది బురద. మురుగు కాలువను మళ్లించుటకు పాలనాధికారులు కూడ కదలవలెను.

తెలుగునాట ప్రభుత్వములు పెట్టిన పేర్లు ప్రాసతో మొదలై సొంతదనముతో ముగిసినవి. 2000లో ఉమ్మడి రాష్ట్రమున ‘నీరు-మీరు’. 2015 మార్చిలో తెలంగాణమున మిషన్ కాకతీయ, దానికి ఉపశీర్షికగా ‘మన ఊరు-మన చెరువు’. మీరు అన్నప్పుడు పలుకువాడు వేరు, చేయువాడు వేరు. మన అన్నప్పుడు ఆ దూరము కనీసము వ్యాకరణములో తొలగినది. రెండవ పథకము క్రింద పూడికను ప్రభుత్వము యంత్రములతో తీయించినది. ఆ మట్టిని పొలములకు చేర్చు ఖర్చు రైతులది. ఒండ్రుమట్టి చేనికి బలమని పెద్దలనాటి అనుభవము. ఎరువు ఖర్చు తగ్గును. ట్రాక్టరు కిరాయి తామే పెట్టుకొని, వరుసలో నిలిచి, రైతులు ఆ మట్టిని తీసికొనిపోయిరి. దానిని వారు శ్రమదానమనలేదు, కుడిమరామత్తు అనలేదు, సేవ అనలేదు. ‘చెరువు మట్టి తోలుకొంటున్నాము’ అనిరి. ‘తోలుకొను’ అను క్రియలోని ‘కొను’ ఆత్మార్థకము.