ఎముక అతికేలోపు ఏం చేయాలి?

వరంగల్‌లో డిగ్రీ చివరి ఏడాది చదువుతున్న 800 మీటర్ల రన్నర్ అమ్మాయి ప్రశ్న ఇది: కాలి ఎముకలో స్ట్రెస్ ఫ్రాక్చర్, ఈ సీజన్ పోయినట్టే. డిగ్రీ అయ్యాక దారేంటి?

ముందు కాలి సంగతి. మోకాలి కింద ఎముకను వేలితో తడిమితే ఒకే చోట ప్రాణం పోయేంత నొప్పి ఉంటుంది. మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు, ఎంఆర్‌ఐలో తెలుస్తుంది. సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాలు పరుగు మానాలి. ఎముక ముందువైపు చీలితే నెలలే పడుతుంది. డాక్టరు సరేనంటే ఈలోగా ఈత కొట్టొచ్చు.

ఇంకో విషయం దాచకూడదు. తిండి చాలక నెలసరి తప్పుతుంటే ఎముక బలహీనపడుతుంది, గాయం మళ్లీ రావచ్చు. చాలామంది కోచ్‌లు అడగరు, అమ్మాయిలు చెప్పరు. గైనకాలజిస్టును కలవడం ఎంఆర్‌ఐ అంత ముఖ్యం.

విశాఖ హర్డ్లర్ జ్యోతి యర్రాజి 2025 మేలో ఆసియా ఛాంపియన్‌షిప్ స్వర్ణం గెలిచింది. కొద్ది వారాలకే మోకాలి గాయంతో ట్రాక్‌కు దూరమైంది. గాయం ఎవరినీ వదలదు.

ఇక చదువు. రెండేళ్ల వ్యాయామ విద్య కోర్సు బీపీఈడీలో చేరాలంటే పీఈసెట్ ప్రవేశ పరీక్షకు హాజరు కావాలి. అందులో పరుగు, షాట్‌పుట్, జంప్ పరీక్షలుంటాయి కాబట్టి కాలు కుదుటపడ్డాకే దిగాలి. కోచింగ్ మీద మనసుంటే పాటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ ఎన్‌ఐఎస్‌లో డిప్లొమా ఉంది. ఉద్యోగమైతే, రైల్వే క్రీడా కోటాలో ఇటీవలి ఫలితాలే లెక్కకొస్తాయి. అందుకే ఆడిన ప్రతి మీట్ సర్టిఫికెట్‌నూ కాలేజీ వదలకముందే ఫిజికల్ డైరెక్టర్ దగ్గర తీసుకోవాలి.