చారల కిత్తనారకు నీళ్లే శత్రువు

పొలం గట్ల మీద కంచెగా పెరిగే కిత్తనార మెట్ట ప్రాంతం రైతులకు తెలియంది కాదు. ఐదారడుగులు విస్తరించే ఆ మొక్కను ఇంటి ముందు పెట్టుకోలేం. అదే జాతిలో పొట్టిగా, గుండ్రంగా, పసుపు చారలతో ఉండే రకాలున్నాయి. వాటిలో కుండీలకు బాగా అనువైనది 'క్వాడ్రికలర్'. దీని మూల జాతి పుట్టిల్లు ఈశాన్య మెక్సికో, దక్షిణ టెక్సాస్. ఆకు ముదురు ఆకుపచ్చ, నడుమ లేత గీత, అంచులు పసుపు. మంచి ఎండ తగిలితే అంచులకు ఎరుపు కూడా తేలుతుంది. అడుగు ఎత్తు, అడుగున్నర వెడల్పు దాటడం అరుదు.

కొనేముందు ఒక మాట. ఇది కలబంద కాదు. కలబంద ఆకు పుటుక్కున విరుగుతుంది, లోపల గుజ్జుంటుంది. కిత్తనార ఆకు నార వల్ల ఓ పట్టాన విరగదు. దీని రసంలో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి. ఒంటికి తగిలితే మంట, దురద, బొబ్బలు. ముఖానికి రాయడం, తినడం ఎంతమాత్రం చేయొద్దు. కోసేటప్పుడు చేతితొడుగులు వేసుకోండి. పిల్లలు తిరిగే ఇల్లయితే ఆకు చివరి ముల్లు మొనను నెయిల్ కట్టర్‌తో తుంచేయండి, మొక్కకేమీ కాదు.

ఈ మొక్క పగలు ఆకు రంధ్రాలు మూసుకుని రాత్రి చల్లబడ్డాక తెరుస్తుంది. అందుకే నీరు ఆవిరైపోదు, నెల రోజులు మరచిపోయినా బతుకుతుంది. చచ్చేదల్లా ప్రేమ ఎక్కువై రోజూ చెంబెడు పోసేవారి ఇళ్లలోనే!

అడుగున రంధ్రమున్న ఎనిమిది, పది అంగుళాల మట్టికుండీ తీసుకోండి. ప్లాస్టిక్ దానికంటే ఇదే మేలు, త్వరగా ఆరుతుంది. ఎర్రమట్టి ఒక పాలు, ముతక ఇసుక ఒక పాలు, చిన్న ఇటుక ముక్కలు ఒక పాలు, బాగా మాగిన పశువుల ఎరువు గుప్పెడు కలపండి. నల్లరేగడి వద్దే వద్దు. నర్సరీ నుంచి తెచ్చిన మొక్క వేళ్ల చుట్టూ బంకమట్టి ముద్ద ఉంటే విదిలించి నాటాలి. నేలలో పెట్టేవారు అడుగు ఎత్తు దిబ్బ పోసి దానిమీద నాటితే వాననీరు నిలవదు.

ఎండాకాలంలో వారం, పది రోజులకోసారి, చలికాలంలో మూడు వారాలకోసారి నీరు చాలు. మట్టి లోపలిదాకా ఆరిందో లేదో పుల్ల గుచ్చి చూశాకే పోయండి. మొవ్వులో పోయొద్దు. ముసురు పట్టినప్పుడు కుండీని చూరు కిందికి జరపండి. పసుపు భాగంలో పత్రహరితం తక్కువ కనుక ఏప్రిల్, మే నెలల్లో మిద్దె మీది మధ్యాహ్నపు ఎండకు మాడుతుంది. అప్పుడు ఉదయపు ఎండ చాలు.

కింది ఆకులు మెత్తబడి మొదట్లో వాసన వస్తే కుళ్లు పట్టినట్టే. వెంటనే పెకలించి, కుళ్లినంత మేర కోసి, వారంపాటు నీడలో ఆరబెట్టి పొడి మిశ్రమంలో నాటండి. ఆకు సందుల్లో పిండినల్లి కనిపిస్తే స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడవండి.

పక్కన వచ్చే పిలకల్లో చారలున్నవే ఉంచండి. పూర్తిగా పచ్చవి త్వరగా పెరిగి చారల వాటిని అణచేస్తాయి, తీసేయండి. పూర్తిగా పసుపువి విడదీస్తే బతకవు. మంచి పిలకను కోసి నాలుగైదు రోజులు గాయం ఆరనిచ్చి నాటండి, తొలి నీరు వారం తర్వాతే. దీన్ని పంటగా ఎకరాల్లో వేయమనేవారి మాట మాత్రం వినకండి, పెరటి మొక్కకు పెరటి గిరాకీయే.

కొన్నేళ్లకు మధ్యలోంచి పొడుగాటి పూకాడ లేచిందంటే తల్లి మొక్క ఆయువు తీరినట్టు. మందులు కొట్టి లాభం లేదు. పిలకలుంటే వేరుచేసి, ఆ కుండీలోనే ఒకదాన్ని నాటుకోండి.