కుక్కగొడుగుల ఛాయాచిత్రములు

గడచిన శ్రావణమాసమున నాలుగు దినములు విడువక వర్షము కురిసిన పిమ్మట, మా పాఠశాల ఆవరణమున పడియున్న మామిడి మొద్దుపై చిన్న విసనకఱ్ఱల వంటి తెల్లని కుక్కగొడుగులు వరుసలుగా మొలచెను. తొమ్మిదవ తరగతి బాలురు వానిని మాకు చూపిరి. వెంటనే కెమేరా తెచ్చి చిత్రములు తీసితిమి గాని, మొదటి దినమున మాకు దక్కినది నిరాశయే. గొడుగు ముందరి అంచు స్పష్టముగా నుండెను. దాని వెనుకనున్నదంతయు మంచులో మునిగినట్లుండెను.

ఇది కెమేరా లోపము కాదు. కటకము వస్తువునకు ఎంత దగ్గఱగా పోయిన, స్పష్టముగా కనబడు పొర అంత పలుచనగును. 36 మిల్లీమీటర్ల వెడల్పు గల చిత్రఫలకముపై వస్తువు తన నిజమైన పరిమాణముననే పడునట్లు ఎఫ్ 8 రంధ్రముతో తీసినచో, ఆ పొర మందము సుమారు 1 మిల్లీమీటరు మాత్రమే. అంగుళపు గొడుగునకు అది ఏ మూలకు? రంధ్రమును ఇంకను చిన్నది చేయరాదా యని ఒక బాలుడు అడిగెను. చేయవచ్చును; పొర మందమగును. కాని మిక్కిలి సన్నని రంధ్రమున దూరిన వెలుగు చెదరి, చిత్రమంతయు మొద్దుబాఱును.

చిత్రకారులకు ఈ చిక్కు లేదు. ఇంగ్లండు దేశమున పిల్లల కథలు వ్రాసి ప్రసిద్ధి కెక్కిన బియాట్రిక్స్ పాటర్ అను నామె, ఆ కథల పుస్తకములకు ముందే, 1890 ప్రాంతములందు, కుక్కగొడుగులను వందలకొలది వర్ణచిత్రములుగా చిత్రించెను. చిత్రించువారి కన్ను అంచును చూచినప్పుడు చేయి అంచును వ్రాయును. రేకును చూచినప్పుడు రేకును వ్రాయును. కడకు పటమున అన్నియు స్పష్టమే. ఫోకస్ స్టాకింగ్ అనగా కెమేరాచేత ఈ పనినే చేయించుట.

మా స్టాండు మొద్దు ఎత్తునకు దిగనందున, ఇసుక నింపిన గుడ్డసంచిపై కెమేరాను కూర్చుండబెట్టితిమి. అన్నిటికంటె దగ్గఱి అంచుపై ఫోకస్ నిలిపి ఒక చిత్రము. వెండ్రుకవాసి వెనుకకు జరిపి మఱొకటి. ఇట్లు కడపటి అంచు వఱకు. ఒక పొర ముందటి పొరపై కొంత పడవలయును గనుక, 20 మిల్లీమీటర్ల లోతునకు 0.7 చొప్పున జరిపి 30 చిత్రములు తీసితిమి. హెలికాన్ ఫోకస్, జెరీన్ స్టాకర్ వంటి కంప్యూటరు సాధనములు ప్రతి చిత్రమునుండి స్పష్టమైన భాగమును మాత్రమే ఏరి ఒకటిగా కూర్చును.

వెలుగు విషయమున మేము కొంత పట్టుదల గలవారము. నడి ఎండ పనికిరాదు. తెల్లని గొడుగు మాడిపోయినట్లును, అడుగు బొగ్గువలెను కనబడును. మబ్బు పట్టిన ఉదయమున ఆకాశమంతయు ఒకే పెద్ద దీపమగును. అడుగుననున్న చీకటికి తెల్లకాగితము ఒకటి క్రింద పట్టిన చాలును. అర సెకను వఱకు వెలుగును గ్రహింపవలసి వచ్చుటచే, చేతి తాకిడి లేకుండ రెండు సెకనుల గడువు పెట్టి తీయవలయును.

ఒకమాఱు చిత్రములు తీయుచుండగా గొడుగుపై చీమ నడచెను. కూర్చిన పటమున అది అయిదు చీమలయ్యెను! బాలురు మిక్కిలి నవ్విరి. చీమలను చెఱిపివేయుదుమా యని వాదము పుట్టినది. చెఱపలేదు. అట్టి పటము ఏ ఒక్క క్షణమునను ఎవరును చూచినది కాదు గనుక, ఎన్ని చిత్రముల కూర్పో దాని క్రింద వ్రాయుట న్యాయమని మా అభిప్రాయము.

ఆ మొద్దుపైనివి స్కిజోఫిల్లమ్ కమ్యూన్ అను జాతివి. వాని అడుగు రేకులు నిలువున రెండుగా చీలియుండును. ఎండినప్పుడు ముడుచుకొని, తడిసినప్పుడు మరల విచ్చుకొనును. పుస్తకములో చదివిన ఆ చీలికను మేము కన్నులార చూచినది ఈ పటముననే.

ఈ పటములను ప్రదర్శించిన దినమున, ఒక విద్యార్థి తండ్రిగారు తమ పొలము గట్టున మొలచిన గొడుగుల చిత్రమును చేతిఫోనులో చూపి, "మాస్టరుగారూ, ఇవి కూరకు పనికివచ్చునా?" అని యడిగిరి. చిత్రము పైనుండి తీసినది. తెలుపుపై గోధుమవన్నె పొలుసులు. రేకులు లేవు, కాడ మొదలు లేదు. "అయ్యా, దీనిని చూచి చెప్పజాలము, నేడు వండకుడు, ఒక గొడుగు పంపుడు" అంటిమి. దానిని తెల్లకాగితముపై బోర్లించి, గిన్నె మూసి, రాత్రియంతయు ఉంచితిమి. తెల్లవాఱునప్పటికి కాగితముపై పాలిన ఆకుపచ్చని పొడి రాలియుండెను. తీవ్రమైన వాంతులును విరేచనములును కలిగించు క్లోరోఫిల్లమ్ మాలిబ్డైటిస్ గుర్తు అది. పొడి తెల్లనిదైనను తినదగినదని తలపరాదు. ప్రాణములు తీయు అమానిటాలకును తెల్లని పొడియే.

ఆ కాగితము ఇప్పుడు మా ప్రయోగశాల గోడపై, 30 చిత్రముల కూర్పైన పటము ప్రక్కన, అంటింపబడియున్నది.